అడుగున రాసిన బరువులు

చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారే, ఆ రెంటి మధ్యా అల్లుడు నాలుగు రోజులుగా నలుగుతున్నాడు. నిజానికి పోయేది ప్రాణమేమీ కాదు, వదిన చేతిలోని ఉలి. అది తనవల్లే పోతోందని అతనొక్కడికే తెలుసు.

మామగారిది లేతు మిషను మీద చెక్క గిన్నెలు తీసే పని. కొత్తగా కొట్టిన నిద్రగన్నేరు మొద్దును పచ్చిమీదే లేతుకెక్కించి, బొటనవేలంత మందాన గిన్నె తీస్తారు. పచ్చికర్ర ఉలికి వెన్నలా లొంగుతుంది. అసలు కష్టమంతా ఆ తర్వాతే. గిన్నెకు మైనం పూసి, చెక్కతురుముతో సహా కాగితపు సంచిలో పెట్టి, చీకటి గదిలో నెలల తరబడి మెల్లగా ఆరనివ్వాలి, తొందరపెడితే చీలుతుంది. ఆరేకొద్దీ అది వంకర పోతుంది. పూర్తిగా ఆరాక మళ్ళీ లేతుకెక్కించి గుండ్రం చేస్తారు. ఆరిందో లేదో చెప్పేది తూకమే. ప్రతి సోమవారం తూచి, అడుగున పెన్సిలుతో బరువు రాయాలి. తగ్గడం ఆగిందంటే ఆరినట్టు. ఆ తూచడం, రాయడం అల్లుడి పని. సొంత దుకాణం మూతపడి మామగారి పంచన చేరిన మనిషికి ఉలి ఎవరిస్తారు? పెన్సిలిచ్చారు.

వదిన, అంటే భార్యకు అక్క, ఇరవయ్యేళ్ళుగా ఆ కొట్లో మైనం పూసింది, గరుకు కాగితం రుద్దింది, తురుము ఊడ్చింది. అడిగి అడిగి నలభై రెండో ఏట తండ్రిని ఒప్పించి లేతు ముందు నిలబడింది.

"ఈ వయసులో నడక నేర్చుకుంటున్నా. పడితే నవ్వకండి మరిదిగారూ" అంది.

పడలేదు. పన్నెండు గిన్నెలు తీసింది, పన్నెండూ ఒక్క తీరుగా.

అవి నెల్లాళ్ళు ఆరాయో లేదో, మామగారికి కంటి ఆపరేషను పడింది. వదిన తోడు వెళ్ళింది. ఆ సోమవారమే కాఫీ హోటలామె కొట్టుకొచ్చి, గిన్నెలు చూసి ముచ్చటపడి, ఎప్పటికిస్తారని అడిగింది. నాలుగు నెలలు పడుతుందని చెప్పాల్సిన చోట అల్లుడు "పదిహేను రోజులండి" అనేశాడు. కొట్టు తనదే అన్నట్టు ఛాతీ విరుచుకుని మరీ అన్నాడు. అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడంటారు, ఈయన వదిన సొమ్ము మీద పడ్డాడు.

కొట్టుకూ పక్కనున్న బేకరీకీ ఉమ్మడి గోడ. అటువైపు పొయ్యి మండుతుంటే ఇటువైపు చెయ్యి పెట్టలేం. గిన్నెలను సంచుల్లోంచి తీసి ఆ గోడకు వరసగా ఆనించాడు. మంగళవారం తూచాడు, అలవాటు కొద్దీ రాశాడు. బుధవారం మళ్ళీ తూచి రాశాడు. బరువు దిగిపోతుంటే తన తెలివికి తనే మురిసిపోయాడు. ఆ మధ్యాహ్నం టప్పుమని ఒకటి చీలింది. సాయంత్రానికి పన్నెండూ చీలాయి. గబగబా సంచుల్లో కుక్కి చీకటి గదిలో సర్దేశాడు.

మామగారు కంటికి కట్టుతో తిరిగొచ్చి, చీలికలను వేలితో తడిమారు.

"ఒకచోట మందం, ఒకచోట పల్చన అయితే ఇలాగే చీలుతుంది. నీ చెయ్యి ఇంకా కుదరలేదమ్మా" అన్నారు మెల్లగా. కొలవలేదు, తూకాలు అడగలేదు. పన్నెండుకు పన్నెండూ చీలితే ఇంకేం కారణం ఉంటుందనుకున్నారు.

అల్లుడు తేలు కుట్టిన దొంగలా నిలబడి, హోటలామె ఆ గిన్నెలు అడిగిందని మాత్రం చెప్పాడు, గడువు మాట మింగేశాడు.

"మీరేం దిగులుపడకండి అల్లుడుగారూ, హోటలామెకు నేను చెప్పుకుంటాను" అన్నారాయన. ఆ 'గారు' అతనికి ఎక్కడో గుచ్చుకుంది.

వదిన మళ్ళీ లేతు జోలికి పోలేదు. ఒకసారి మాత్రం తురుము ఎత్తుతూ ఆగి అడిగింది.

"మరిదిగారూ, నేను తీస్తుంటే మీరు పక్కనే ఉన్నారుగా. నా చెయ్యి వణికేదా?"

"ఏమో వదినా, గమనించలేదు" అన్నాడు.

గిన్నెలు పాడుచేసింది తొందరపాటు. ఈ మాట మాత్రం పచ్చి నీచత్వం. అది అంటున్నప్పుడే అతనికి తెలుసు.

ఐదో రోజు పొద్దున వదిన గిన్నెలన్నీ గోనెసంచిలో వేసి మూతి కట్టింది. "బేకరీ పొయ్యిలోకి ఇచ్చేయండి. నేను చూడలేను."

సంచి భుజానికెత్తుకోగానే అల్లుడికి గుండె తేలికైంది. తేలికైనందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి వదిన గొంతు వినిపించింది.

"నాన్నా, ఉలులకు నూనె రాసి పెట్టెలో పెట్టేశాను. నాకు మైనం పనే నయం."

బేకరీ ఆయన పొయ్యి తలుపు తెరిచి పట్టుకున్నాడు. అల్లుడు సంచిలో చెయ్యి పెట్టి ఒక గిన్నె తీశాడు. అడుగుభాగం పైకొచ్చింది. గుండ్రటి, పొందికైన తన చేతిరాత. సోమవారం 812. మంగళవారం 720. బుధవారం 610.

"వెయ్యవయ్యా, వేడి పోతోంది" అన్నాడు బేకరీ ఆయన.

"ఇవి కాదు. పొరపాటున తెచ్చాను" అని సంచి మళ్ళీ భుజానికెత్తుకున్నాడు.

నేరుగా వదిన ముందుకెళ్ళి నిలబడ్డాడు. గిన్నె బోర్లించి చేతికిచ్చాడు. ఆమె వేలు పెట్టి అంకెలు చదివింది.

"ఒక్క రోజులో తొంభై రెండు గ్రాములా? ఎలా?"

"బేకరీ గోడకు పెట్టాను వదినా. పదిహేను రోజుల్లో ఇస్తానని హోటలామె దగ్గర గొప్పలు పోయాను. ఆ తర్వాత చెప్పడానికి సిగ్గేసింది."

తిట్లకు సిద్ధపడి తల దించుకున్నాడు. తిట్లు రాలేదు. తలెత్తి చూస్తే వదిన మేకుకు వేలాడే కొలత కత్తెర తీసి, గిన్నె అంచు చుట్టూ మందం కొలుస్తోంది. అది పక్కన పెట్టి ఇంకోటి కొలిచింది. పన్నెండూ కొలిచేసరికి కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది.

"నాన్నా, అంతా సమానంగానే ఉంది. నా చెయ్యి మంచిదే."

మామగారు కట్టులేని కంటితో అల్లుడి వైపు చాలాసేపు చూశారు.

"మీరు చెప్పకపోతే నాకెప్పటికీ తెలిసేది కాదు మరిదిగారూ" అంది వదిన. ఆమె కృతజ్ఞతగా అంటోందని అర్థమై, అతనికి భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. తను దోచుకున్నదాన్ని తిరిగిస్తే, దానం చేసినట్టు పుచ్చుకుంటోంది.

ఆ గిన్నె ఇప్పుడు లేతు పైన అరలో, అడుగు బయటికి కనబడేలా ఉంది. అంకెలు చెరిగిపోతాయని వదిన దుమ్ము కూడా దులపనివ్వదు. వచ్చినవాళ్ళకు చూపించి కొలవమంటుంది. మరి చీలిందేమని అడిగితే, "వేడి తగిలింది లెండి" అని ఊరుకుంటుంది. ఎవరివల్లో చెప్పదు.

మొన్న హోటలామె వచ్చి అదే ప్రశ్న వేసింది.

"వేడి తగిలింది లెండి" అంది వదిన.

తురుము ఊడుస్తున్న అల్లుడు చీపురు గోడకు ఆనించి ముందుకొచ్చాడు. చెవులు మండుతున్నాయి.

"బేకరీ గోడకు నేను పెట్టానండి. మీకు పదిహేను రోజుల్లో ఇస్తానని గొప్పలు పోయాను కదా, అందుకే" అన్నాడు.

హోటలామె ఇద్దరి వైపూ చూసింది. వదిన ఏమీ వినిపించుకోనట్టు, కొత్త మొద్దు బిగించి లేతు ఆన్ చేసింది.