వంకర జడ

మా అమ్మాయికి జడ రోజూ నేనే వేస్తాను. వాళ్ళమ్మ పోయిన నాటి నుంచి ఎంత తంటాలు పడ్డా అది ఎడమ చెవి వైపే వాలుతుంది. పిల్ల మాత్రం ఎన్నడూ అద్దం చూసి ఏడవలేదు. అంతవరకు నా అదృష్టం.

"ఆ జడేంట్రా, గాలికి ఒరిగిన దడిలా?" అంది మా అక్క, బడి గేటు దగ్గర. "పిల్లని ఈ బడిలో వేస్తే అన్నీ చక్కబెడతారు. మావాణ్ణి పళ్ళూడే వయసులో చేర్పించా. ఇల్లు పీకి పందిరేసేవాడు! ఇప్పుడు చూడు, నోట్లో వేలు పెట్టినా కొరకడు."

"పాపం, బావకి ఆకలెయ్యదా అత్తా?" అంది మా పిల్ల. దాన్ని పిచ్చుక అంటాం. ఆ నోటి వల్లే పాత బడివాళ్ళు వద్దన్నారు. ఇక్కడా కాదంటే ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలియదు.

లోపల అన్ని గదులున్నా ఒక్క దగ్గు వినబడలేదు. చేర్చుకునే ముందు పిల్లను కాసేపు తరగతిలో కూర్చోబెట్టి చూడటం అక్కడి పద్ధతి. పిచ్చుక ఎప్పుడూ నా చిటికెన వేలే పట్టుకుంటుంది. దాన్ని వదిలి, పెద్ద టీచరమ్మ వెంట వెళ్ళింది.

తిరిగొచ్చిన పిల్లకి అదే గౌను, మోకాలి మీద అదే గీరుడు. జడ మాత్రం వీపు మధ్యన తాడు కట్టినట్టు తిన్నగా ఉంది.

"వెళ్దామా నాన్నగారూ?" అంది.

"బంగారు తల్లి!" అని అక్క మురిసిపోయింది.

పిల్ల నా అరచెయ్యంతా పట్టుకుంది. ఆ చెయ్యి కుండలో నీళ్ళలా చల్లగా ఉంది. గేటు దగ్గర గోడమీద పిల్లి పడుకుని ఉంది. ఈ పిల్ల దానివైపు చూడనైనా లేదు.

నేను ఆగిపోయాను. "అక్కా, ఇది మన పిల్ల కాదే."

"మతి పోయిందా? కాస్త మర్యాద నేర్చుకుంటే పరాయిదైపోద్దా?"

ఆ చల్లటి చేతిని అక్క చేతిలో పెట్టి వెనక్కి వెళ్ళాను. పెద్ద టీచరమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"ఇంతవరకూ ఎవరూ వెనక్కి రాలేదు," అంది. "ఆ పిల్ల చదువులో మొదటిదవుతుందండీ."

"మాకు ఆఖరిదే కావాలండీ."

ఆమె తలుపు తీసింది. బల్లల నిండా పిల్లలు. గుండీలు తప్పు పెట్టుకున్నవాళ్ళు, చెప్పులు ఎడమా కుడీ మార్చి వేసుకున్నవాళ్ళు. అందరూ ఒక్కసారి తలలు తిప్పి నా ముఖం చూశారు. చూసి, మళ్ళీ దించుకున్నారు.

వంకర జడ ఒకటి పరుగెత్తుకొచ్చింది. నా చిటికెన వేలు వెచ్చబడింది.

"ఇంతసేపా నాన్నా! వీళ్ళెవరి కోసమూ ఎవరూ రాలేదంట." తర్వాత గొంతు తగ్గించింది. "బావ కూడా ఇక్కడే ఉన్నాడు."

అక్క ఇంట్లో ఉన్న మేనల్లుడు నా భుజం దాకా ఎదిగాడు. వెనక బల్ల మీద వాడే, చిన్నవాడిగానే, ముందుపళ్ళు లేకుండా నవ్వాడు.

"మామయ్యా, అమ్మ రాలేదా?"

దేవుడు మనిషికి రెండు చిటికెన వేళ్ళిచ్చాడు. రెండోది వాడికందించాను.

మిగతా పిల్లలు ఇంకా నా చేతులకేసే చూస్తున్నారు.