వెనక్కి కట్టుకున్న చేతులు

నోరీన్ కొవాల్‌చుక్ యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబులో అడుగుపెట్టిందంటే రెండు చేతులూ వీపు వెనక్కి వెళ్లిపోతాయి. విద్యార్థి కీబోర్డు మీద ఆమె వేలు పడదు. ప్రోగ్రాం ఎక్కడ తేడా కొట్టిందో ఆమెకు రెండడుగుల దూరం నుంచే తెలిసిపోతుంది, కానీ చెప్పదు. "ఈ లైను ఏం చేస్తుందనుకున్నావ్?" అని అడుగుతుంది. జవాబు వచ్చాక, "మరి ఏం చేసింది?" అంటుంది. అంతకు మించి ఒక్క ముక్క రాలదు. మొదటి సంవత్సరం పిల్లలు ఆమెకు పోలీసమ్మ అని పేరు పెట్టారు.

తోటి టీచింగ్ అసిస్టెంట్లు, అంటే టీఏలు, పిల్లల కీబోర్డు లాక్కుని టకటకా కొట్టేస్తుంటే ఆమె చూస్తూ ఊరుకోలేదు. "వాళ్ల కంచంలో అన్నం మీరు తినేస్తే వాళ్ల కడుపు నిండుతుందా?" అని మొహం మీదే అడిగేసింది. ఆ దెబ్బతో టీఏల గదిలో ఆమె పక్కన కూర్చుని కాఫీ తాగేవాళ్లు కరువయ్యారు. నోరీన్ దాన్ని కూడా గొప్పగానే చెప్పుకునేది. నియమం పాటించేవాళ్లకు కాస్త పొగరు ఎక్కడం మామూలే. ఈమెకు కాస్త కాదు, బాగానే ఎక్కింది.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం మధ్యాహ్నం ఆమె ప్రొఫెసర్ పెటిగ్రూ గదిలో కూర్చుని ఉంది. బయట మైనస్ ముప్పై. బల్ల మీద రెండు ప్రోగ్రాముల కాగితాలు, వాటి పైన ఆమె స్వయంగా రాసిన కాపీ ఫిర్యాదు. ఎదురుగా లెస్టర్ ఫేర్. నలభై మూడేళ్ల మనిషి, పదిహేడేళ్లు పొటాష్ గనిలో పనిచేసి, నడుం దెబ్బతిని, చదువుకుందామని వచ్చాడు. తన కంటే పదిహేడేళ్లు చిన్నదైన నోరీన్‌ని టీచరమ్మా అని పిలుస్తాడు. అందులో సగం వేళాకోళం, సగం గౌరవం. ఈ ఫిర్యాదు నిలబడితే అతన్ని కోర్సులోంచి తీసేస్తారు. గని వాళ్లిచ్చే చదువు సాయం అక్కడితో ఆగిపోతుంది.

పెటిగ్రూ కళ్లజోడు సవరించుకుని ఫిర్యాదు చదివాడు. "వరసగా ఎన్ని రోజులు మంచు పడిందో లెక్కకట్టే ప్రోగ్రాం. అందులో ఆరు లైన్లు ఇద్దరివీ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. జాబితా చివరి రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టడం, ముందొక ఖాళీ గడి వదలడం. మొదటి సంవత్సరం వాళ్లకు సొంతంగా తట్టే పద్ధతి కాదు ఇది. నువ్వు రాసిందే కదా నోరీన్?"

"అవును సార్."

"ఈ రెండో ప్రోగ్రాం ఇచ్చిన బ్రియానా ఆస్‌గుడ్ పొద్దున వచ్చింది. ఆ లైన్లు నువ్వే కొట్టిచ్చావంది."

నోరీన్‌కు ఒళ్లు మండింది. "నేనా?"

"నేనూ అదే అన్నానమ్మా. వేరే ఏ టీఏ పేరు చెప్పినా నమ్మేవాణ్ణి, నోరీన్ అంటే కుక్కలు కూడా నవ్వుతాయి పో అన్నాను. కాపీ కొట్టింది చాలక పైగా అబద్ధం." ఆయన లెస్టర్ వైపు తిరిగాడు. "మీరేమంటారు లెస్టర్ గారూ? ఈ ఆరు లైన్లు ఎక్కడివి?"

లెస్టర్ టోపీని ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. ఒక్కసారి నోరీన్ మొహంలోకి చూసి కళ్లు దించుకున్నాడు.

"నేను చెప్పేదేం లేదండీ."

"బ్రియానా దగ్గర తీసుకున్నారా?"

"లేదు."

"ఆమె మీ దగ్గర తీసుకుందా?"

"ఆ పిల్ల ఎవరో కూడా నాకు సరిగ్గా తెలీదండీ."

లెస్టర్ ఇందాక చూసిన చూపు నోరీన్‌ను కుదురుగా ఉండనివ్వలేదు. ప్రోగ్రాం కాగితం తన వైపు లాక్కుంది. మార్కులు వేసేటప్పుడు రెండూ ఒకేలా ఉన్నాయా లేదా అనే చూసింది గానీ, ఆ లైన్లను విడిగా చదవలేదు. ఇప్పుడు చదివింది. వెనక నుంచి లెక్క, ముందు ఖాళీ గడి. తను ఎక్కడ ఏ ప్రోగ్రాం రాసినా ఇలాగే రాస్తుంది.

మంచు తుపాను రోజు గుర్తొచ్చింది. తోడు రావలసిన టీఏ దారిలో ఇరుక్కుపోయాడు. ముప్పై మంది పిల్లలు, పన్నెండు చేతులు పైకి, గడువు ఇంకో అరగంట. లెస్టర్ మూడోసారి అడిగాడు. ఆ పక్క వరసలో బ్రియానా ఏడుస్తోంది. ఒకరి భుజం మీంచి వంగి కొట్టేసింది, రెండు నిమిషాల తరవాత ఇంకొకరి దగ్గరా వంగింది. రెండు చోట్లా కలిపి నిమిషం కూడా పట్టి ఉండదు. ఆ నిమిషాన్ని ఆమె ఎక్కడా లెక్కేసుకోలేదు. అంత గొప్ప నియమం తను తప్పుతానని తనకే తట్టలేదు మరి.

మార్కులున్న పనిలో టీఏ వేలు పెడితే ల్యాబు ఉద్యోగం పోతుంది. అది పోతే తన చదువుకు వచ్చే టర్మ్ ఫీజు మాఫీ కూడా పోతుంది. ఇప్పుడు ఊరుకుంటే చాలు, ఎవరూ ఆమెను అనుమానించరు. పెటిగ్రూ అప్పుడే సంతకానికి పెన్ను మూత తీశాడు.

"సరే మరి. ఇద్దరికీ సున్నా వేసి డీన్‌కు పంపేస్తా."

"ఆగండి సార్." ఆమె ఫిర్యాదు మీద అరచెయ్యి ఆనించింది. "ఆ పిల్ల నిజమే చెప్పింది. నేనే కొట్టాను. ఇద్దరికీ."

పెటిగ్రూ పెన్ను కింద పెట్టాడు. "నువ్వా?"

"నేనే. మర్చిపోయాను సార్. మర్చిపోయి, వాళ్ల మీదే ఫిర్యాదు రాశాను." సిగ్గుతో ఆమె చెవులు కాలిపోతున్నాయి.

"ఎందుకు టీచరమ్మా..." అన్నాడు లెస్టర్ మెల్లగా.

"మీరు ఊరుకోండి లెస్టర్. మీరెందుకు చెప్పలేదసలు?"

"సాయం చేసిన మనిషిని పట్టిస్తామా? గనిలో అలా ఉండదమ్మా."

పెటిగ్రూ ఫిర్యాదు కాగితాన్ని పక్కకు తోశాడు. "డీన్‌కు వెళ్లే ఉత్తరంలో ఇక వాళ్ల పేర్లు కాదు, నీ పేరుంటుంది నోరీన్. వచ్చే టర్మ్ నీకు ల్యాబు ఇవ్వలేను. తెలుసుగా?"

"తెలుసు."

"అది నీ సంగతి. ఇక ఈయన సంగతి." లాప్‌టాప్ లెస్టర్ ముందుకు జరిపాడు. "ఆ ఆరు లైన్లు మీవి కావు. మీకు వచ్చో రాదో నాకు తెలియాలి. తీసేసి ఇక్కడే రాయండి, పావుగంట ఇస్తా. రాకపోతే మార్కులు పోతాయి, కోర్సూ పోయినట్టే. బ్రియానాకూ రేపు ఇదే."

లెస్టర్ రెండు వేళ్లతో మొదలుపెట్టాడు. నోరీన్ లేచి అతని వెనక నిలబడి చేతులు వెనక్కి కట్టుకుంది. మొదటిసారి నడిపితే తప్పు లెక్క వచ్చింది. ఎక్కడ పోయిందో ఆమెకు కనిపిస్తూనే ఉంది. మణికట్టు నొప్పి పుట్టేలా బిగించి పట్టుకుంది. ఐదు నిమిషాలు పోయాయి, పది పోయాయి. లెస్టర్ తనలో తాను గొణుక్కుంటున్నాడు. "ఇది ఏం చేస్తుందనుకున్నా? మరి ఏం చేసింది?"

అతను ఒక లైను తీసేసి ఇంకొకటి రాశాడు. నడిపాడు. పదకొండు రోజులు. జవాబు సరిపోయింది.

పెటిగ్రూ వంగి చూశాడు. "ముందు నుంచే లెక్కపెట్టారు. ఖాళీ గడి కూడా లేదే?"

"దాంతో పని లేదు కదండీ," అన్నాడు లెస్టర్. "అదెందుకని ఆ రోజే అడుగుదామనుకున్నా. టీచరమ్మ వేళ్లు ఆగితేగా." మెడ తిప్పి ఆమె వైపు చూశాడు. "నిజంగా ఎందుకమ్మా అది?"

అదెందుకో నోరీన్‌కూ తెలియదు. ఎనిమిదేళ్ల కిందట, తన మొదటి ల్యాబులో, ఒక టీఏ ఆమె కీబోర్డు లాక్కుని టకటకా కొట్టిచ్చిన పద్ధతి అది. ఎందుకని ఆమె ఆ రోజు అడగలేదు.