సబ్బుబిళ్ళ చప్పుడు

మా ఆడపడుచు కొత్త కెమెరా ఇంట్లోకి వచ్చిన రోజు మా అత్తయ్య దానికోసం బీరువాలో ఒక అర మొత్తం ఖాళీ చేసి, ఉతికిన తువ్వాలు పరిచింది. నేను కాపురానికి వచ్చినప్పుడు నా చీరలకి ఇచ్చింది అందులో సగమే.

ఆడపడుచుని ఇంట్లో అందరం చిట్టి అంటాం. ముప్ఫై దాటినా చిట్టే. ఫోటోలు తీయడమే ఆమె వృత్తి. నాటకాలకీ, కంపెనీల వార్షిక నివేదికలకీ, పుస్తకాల అట్టలకీ తీస్తుంది. కొత్త కెమెరాని మిర్రర్‌లెస్ అంటారనీ, అంటే లోపల అద్దం ఉండదనీ చిట్టి చెప్పినప్పుడు అత్తయ్య దిగాలు పడింది. "అంత పెట్టి కొన్నావు, ఒక అద్దం కూడా వేసి ఇవ్వలేదా వాళ్ళు?" అంది.

నా కెమెరా గుప్పిట్లో పడుతుంది. డిగ్రీ అయిన ఏడాది మా అక్క ఇచ్చింది. వంటింటి సొరుగులో రబ్బరు బ్యాండ్లు, కొవ్వొత్తి ముక్కల మధ్య ఉంటుంది. చిట్టి దానికి సబ్బుబిళ్ళ అని పేరు పెట్టింది.

"వదినా, తడవనివ్వకు. నురగొస్తుంది."

"నీ మహారాణి పల్లకీ మోసి మోసి నీ కుడి భుజం కిందికి జారింది. ముందు అది చూసుకో," అన్నాను నేను.

నిజం చెప్పాలంటే రెండిటికీ పోటీయే లేదు. ఒకసారి చిట్టి పట్టుబట్టి, ఒకే కిటికీని ఒకే నిమిషంలో రెండిటితోనూ తీసి, లాప్‌టాప్‌లో పక్కపక్కన పెట్టి పెద్దది చేసింది. ఆమె ఫోటోలో కర్టెన్ నేతలోని ఒక్కో పోగూ లెక్కపెట్టుకునేలా ఉంది. నా ఫోటోలో కర్టెన్ నానబెట్టిన అట్టముక్కలా ఉంది. వెలుతురు తగ్గిన కొద్దీ ఆమె కెమెరా నిలకడగా ఉంటే, నాది ఇసుక చల్లినట్టు గరగరలాడుతుంది. ఒప్పుకున్నాను. కాకపోతే ఆమె లెన్సు మూత తీసేలోపు నేను తీసేసి మళ్ళీ సొరుగులో పెట్టేయగలను. ఆ మాట కూడా చెప్పాను.

మా అత్తయ్య యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేసింది. గుండీలు కుట్టడంతో మొదలుపెట్టి, చివరి పంతొమ్మిదేళ్ళు కటింగ్ మాస్టర్‌గా ఉంది. అక్కడ అందరూ ఆమెను మాస్టరమ్మ అంటారు. మొన్నటి శనివారం ఆమె ఆఖరి పనిరోజు. కటింగ్ బల్ల వెనక గోడ మీద అంతకుముందు పనిచేసిన నలుగురు మాస్టర్ల ఫోటోలు వరసగా ఉంటాయి. నలుగురూ మగవాళ్ళే. ఐదో మేకు అత్తయ్యది.

ఫ్రేము కట్టేవాడికి శుక్రవారం నాలుగు గంటలకల్లా ఫోటో అందాలని యజమాని కబురు చేశాడు. అందకపోతే ఆఫీసు ఫైల్లో ఉన్న గుర్తింపు కార్డు ఫోటోనే పెద్దది చేయిస్తానన్నాడు. ఆ ఫోటోలో అత్తయ్య దొంగతనం చేసి దొరికిపోయి, ఏం చేసినా ఒప్పుకోనని భీష్మించుకున్న మనిషిలా ఉంటుంది.

"మా అమ్మ ఫోటో నేను తియ్యకపోతే ఇంకెవరు తీస్తారు?" అంది చిట్టి.

అన్నంత తేలిక కాదని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. ఊళ్ళో వాళ్ళ ముఖాలు వందలు తీసిన మనిషి తల్లి ముఖాన్ని ఒక్కసారి కూడా పట్టుకోలేకపోయింది. "మీ అమ్మాయి అంత బాగా తీస్తుందట, మీ ఫోటో ఒక్కటీ లేదేం?" అని ఎవరైనా అడిగితే, "లోపం నా ముఖంలోనే ఉందిలెండి," అని అత్తయ్య నవ్వేసేది. ఆ నవ్వు వినపడినప్పుడల్లా చిట్టి అక్కడినుంచి లేచి వెళ్ళిపోయేది.

బుధవారం, గురువారం కలిపి రెండు వందల పైన తీసింది. కిటికీ దగ్గర, మేడ మీద, కుట్టుమిషను ముందు. నేను పక్కన తెల్ల దుప్పటి పట్టుకుని నిలబడ్డాను, వెలుతురు ముఖం మీద పడాలని.

"నవ్వమ్మా."

"నవ్వుతూనే ఉన్నాగా."

"అది నవ్వా? పన్ను పీకించుకుంటున్నట్టుంది. ఊపిరి వదులు."

"నువ్వు తీశాక వదులుతా."

"తీశానమ్మా! పన్నెండు తీశా."

"చప్పుడు రాలేదే?"

"దీనికి రాదు. నాటకం మధ్యలో టకటకమంటే జనం తంతారని ఆపేసి పెట్టా."

"అయితే ఎప్పుడు తీస్తున్నావో నాకెలా తెలియాలి?" అని అత్తయ్య మళ్ళీ పెదవులు బిగించి, మెడ నిక్కబొడిచి కూర్చుంది.

గురువారం సాయంత్రం చిట్టి ఆ ఫోటోలన్నీ తెరిచి చూసుకుంది. రెండు వందల ఫోటోల్లోనూ అదే మెడ, అవే పెదవులు. లాప్‌టాప్ మూసేసి, "గుర్తింపు కార్డుదే పెట్టుకోమని చెప్పెయ్ వదినా. కన్నతల్లిని తియ్యడం రాని దానికి ఈ కెమెరా ఎందుకు?" అంది.

నేను సొరుగులోంచి సబ్బుబిళ్ళ తెచ్చి, దాని మెమరీ కార్డు తీసి లాప్‌టాప్‌లో పెట్టాను. అందులో అత్తయ్య ఫోటోలు తొమ్మిదున్నాయి. దుప్పటి మడతపెడుతూ, తలుపు దగ్గర చెప్పులు వెతుక్కుంటూ, మా ఆయన్ని ఏదో అంటూ. ప్రతిదాంట్లోనూ ముఖం విచ్చుకుని ఉంది.

చిట్టి కుర్చీ ముందుకి లాక్కుంది. "ఇవన్నీ అమ్మకి తెలియకుండా తీశావా?"

"లేదు. 'అత్తయ్యా, ఇటు చూడండి' అని చెప్పే తీశా."

"మరి ఇలా ఎలా వచ్చింది?"

నాకూ తెలియలేదు. చిట్టి ఒకదాన్ని గోడకి సరిపోయే కొలతకి పెంచి చూసింది. ముఖమంతా ఇసుక, కళ్ళు అలుక్కుపోయాయి. "పోస్టుకార్డు దాటితే ఇది పనికిరాదు వదినా," అంది నెమ్మదిగా. ఎగతాళికి కాదు. అందుకే నాకు బాధేసింది.

శుక్రవారం పదింటికి ఆఖరి ప్రయత్నంగా ఇద్దరం వర్క్‌షాపుకే వెళ్ళాం. అత్తయ్య పనిచేస్తుండగా నేను చూడడం అదే మొదటిసారి. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా వెళ్ళలేదని అక్కడ నిలబడ్డాక సిగ్గేసింది. పొడవాటి బల్ల మీద నీలంగుడ్డ నాలుగు పొరలుగా పరిచి ఉంది. అంచులకి ఇనప దిమ్మలు. మీద సుద్దగీతలు. అత్తయ్య పెద్ద కత్తెర తీసుకుని గీత మొదట్లో పెట్టింది. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి.

"మాస్టరమ్మ కోస్తుంటే మేం కూడా ఊపిరి పీల్చం," అంది నా చెవిలో గుండీలు కుట్టే ఆవిడ.

చూశాను. అత్తయ్య ఊపిరి బిగబట్టింది. మెడ నిక్కింది. పెదవులు బిగిశాయి. కత్తెర గీత వెంట సాగింది, చంక వంపు తిరిగింది, అంచు చేరింది. చివర్న 'కచక్' మంది. ఆ చప్పుడుతో పాటే ఆమె ఊపిరి వదిలింది. భుజాలు దిగాయి, ముఖం విచ్చుకుంది. బల్ల ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఒకసారి చూసుకుంది. ఆ చూపు నేను ఇంట్లో ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు తట్టింది నాకు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా చప్పుడు వినపడేదాకా ఊపిరి వదలని మనిషి ముందు, చప్పుడే లేని కెమెరా పెట్టి కూర్చోబెట్టాం. నా సబ్బుబిళ్ళ సంగతి వేరు. మీట నొక్కగానే ముందు 'కీచ్' మని అరుస్తుంది, ఆనక తాపీగా ఫోటో తీస్తుంది. కీచ్ వినగానే పని అయిపోయిందనుకుని అత్తయ్య ఊపిరి వదిలేసేది. అది తీసేది ఆ తర్వాతి ముఖాన్ని. ఇన్నాళ్ళూ నాకు చెయ్యి తిరిగిందనుకున్నాను. అది నా చేతి నేర్పు కాదు, కెమెరా బద్ధకం.

చిట్టిని మిషన్ల వెనక్కి లాక్కెళ్ళి చెప్పాను.

"చప్పుడు నేను చేస్తా. ఫోటో నువ్వు తియ్యి."

"సబ్బుబిళ్ళతోనా?"

"మహారాణి వస్తున్నప్పుడు ముందు దండోరా వేసేవాళ్ళు ఉండాలిగా."

రెండు రోజులుగా కనపడని నవ్వు చిట్టి ముఖంలో అప్పుడు చూశాను. బల్లకి ఎదురుగా స్టూలు వేసుకుని, కెమెరా ఒళ్ళో పెట్టుకుని, దాని వెనక తెరని పైకి తిప్పుకుంది. చూసేవాళ్ళకి పాత ఫోటోలు తిరగేస్తున్నట్టే ఉంటుంది. ఎదుటి మనిషి కన్ను ఎక్కడుందో వెతికి పట్టుకోవడం ఆ కెమెరాకే వచ్చు, కంటి దగ్గర పెట్టుకోనక్కర్లేదు. నా దానికి జన్మలో చేతకాని పని అది.

"అత్తయ్యా, ఒకటి నేను తీసుకుంటా," అన్నాను.

"నీదైతే గబుక్కున అయిపోతుంది, తియ్యి," అని అత్తయ్య బల్ల వెనక నిలబడి, కత్తెర మీద చెయ్యి వేసి, మామూలుగానే బిగుసుకుంది.

మీట నొక్కాను. కీచ్.

"అమ్మయ్య!" అని అత్తయ్య ఊపిరి వదిలి, గుండీల ఆవిడ వైపు తిరిగింది. "నీలం కాలర్లు అయ్యాయా, లేక నా ఫోటో చూస్తూ కూర్చున్నావా?"

ఒళ్ళో ఉన్న కెమెరా మీద చిట్టి బొటనవేలు కదిలింది. ఏ చప్పుడూ రాలేదు.

మరో మూడుసార్లు కీచ్ మనిపించాను. చాలని చిట్టి లేచి వచ్చి తెర చూపించింది. ఆ ఫోటోలో అత్తయ్య గడ్డం కొంచెం పైకి ఉంది. ఒక కనుబొమ్మ లేచి ఉంది. అరచేతి కింద కత్తెర. చెవి వెనక సుద్దముక్క. ఈ బల్లా, ఈ గదీ ఎవరివని ఎవరికైనా అనుమానముంటే వచ్చి అడగమన్నట్టు ఉంది చూపు. చీర అంచు మీద అతుక్కున్న నీలం పోగు కూడా కనిపిస్తోంది.

"ఇదెప్పుడు తీశావే? చప్పుడు రాలేదే!" అంది అత్తయ్య. తెర దగ్గరికి వంగి చూసింది. "నేను ఇలా ఉంటానా?" అంది చివరికి.

"రోజూ ఇలాగే ఉంటారు మాస్టరమ్మా," అంది గుండీల ఆవిడ. "మాకు ఊరికే వచ్చిందా భయం?"

మూడున్నరకి ఫోటో ఫ్రేము కట్టేవాడి దగ్గరికి చేరింది.

శనివారం వర్క్‌షాపు మొత్తం కటింగ్ బల్ల చుట్టూ మూగింది. ఫ్రేముకి చుట్టిన కాగితం విప్పగానే అందరూ దాన్నీ గోడనీ మార్చి మార్చి చూశారు. పక్కన ఆ నలుగురూ ఫోటో తీయించుకున్నవాళ్ళలా ఉన్నారు. అత్తయ్య పని మధ్యలో తలెత్తి చూసినట్టు ఉంది.

"ఎవరు తీశారండీ?" అని యజమాని అడిగాడు.

"చప్పుడు మా కోడలిది, ఫోటో మా అమ్మాయిది," అంది అత్తయ్య. ఆయనకి అర్థం కాకపోయినా తలూపాడు. ఆ రోజు ఎవరడిగినా అదే జవాబు, అదే వరసలో. నా పేరు ముందు వచ్చిన సంగతి నేను గమనించకపోలేదు.

ఫ్రేము ఎక్కించాక అందరూ చప్పట్లు కొట్టారు. అత్తయ్య కొట్టలేదు. కళ్ళు చిట్లించి, మెడలోని టేపు తీసి, పక్క ఫ్రేము అంచునుంచి తన ఫ్రేము అంచుకి కొలిచింది.

"ముప్పావు అంగుళం కిందికి ఉంది."

"మీరు పొట్టి కదా మాస్టరమ్మా, సరిపోతుందనుకున్నా," అన్నాడు మేకు కొట్టిన ఇస్త్రీ అతను.

"మనిషి పొట్టి. మేకు పొట్టి కాదు. తీసి మళ్ళీ కొట్టు. వాళ్ళకంటే పైకి వద్దు, కిందికీ వద్దు."

అతను ఫ్రేము దించి, ఆమె సుద్దతో గీసిన చోట మేకు ఆనించి సుత్తి ఎత్తాడు. అత్తయ్య టేపు రెండు చేతులా పట్టుకుని, గోడ వైపే చూస్తూ ఊపిరి బిగబట్టింది.

చిట్టి మోచేత్తో నన్ను పొడిచింది. భుజాన ఉన్న కెమెరా అప్పటికే చేతిలోకి వచ్చేసింది.

"వదినా, సబ్బుబిళ్ళ తెచ్చావా?"

"ఇప్పుడు అక్కర్లేదు. చప్పుడు సుత్తి చేస్తుంది," అన్నాను.