లూర్దుమేరి ఊదిన గాలి

గల్ఫ్‌లో సెలవురోజైన శుక్రవారం ఆరాధన ముగించుకుని ఉమ్మ్ అల్ హస్సామ్‌లోని ఇంటికి రాగానే లూర్దుమేరి పొయ్యి మీద అన్నం పడేసి రికార్డర్ అందుకునేది. ఈసా టౌన్‌లో బడిపిల్లలకు ఆమె నేర్పే చెక్క పిల్లనగ్రోవి అది. ఆమె ఊదిన గాలి సాయంత్రం దాకా ఆ ఇల్లు వదిలిపోయేది కాదు. అందుకే కింది వాటా జాహిదా ఆ గాలికి ఆరేయడానికి తడిబట్టల బకెట్‌తో తయారయ్యేది.

“అక్కా, జర గట్టిగ ఊదు. ఇయ్యాల దుప్పట్లున్నయ్.”

ఆ ఏడు క్రిస్మస్‌కి తెలుగు సహవాసం వాళ్ళు పాతకాలపు యూరప్ సంగీతం ఒకటి ఎత్తుకున్నారు. ముందు ఒక వయొలిన్, పక్కన రెండు రికార్డర్లు, వెనక తీగవాద్యాల గుంపు. వయొలిన్ లూర్దుమేరి భర్త ప్రేమయ్యది. ఏళ్ళ తరబడి కీర్తనలకు వాయించినవాడు కదా, పాడేవాళ్ళ గొంతుకు తగ్గట్టు తీగలు దించి ఉంచేవాడు. ఆ శ్రుతికే అందరూ రావాలన్నాడు.

“దీనికి శ్రుతి తిప్పుకునే బిరడలు లేవండీ. రంధ్రం ఎక్కడుంటే స్వరం అక్కడే. మీరే ఒక్క మెలిక తిప్పండి,” అంది లూర్దుమేరి.

“నేను పోయి గొట్టానికి లొంగాలా?” అన్నాడు, అందరి ముందూ.

ఎంత మాట! లూర్దుమేరి రికార్డర్ సంచిలో పెట్టేసింది. కచేరీ ఆగిపోయింది. వేసవిలో బడి ఒప్పందం ముగిసినప్పుడు, “ఉండమంటారా?” అని భర్తను అడిగింది. “నీ ఇష్టం,” అన్నాడు ఆ పెద్దమనిషి. రికార్డర్ అలమారాలో వదిలేసి ఆమె ఏలూరు వెళ్ళిపోయింది.

తర్వాతి శుక్రవారం ప్రేమయ్య రికార్డర్ తీసి మెల్లగా ఊదాడు. ఆ స్వరానికి తీగలు బిగించాడు. నిజంగానే ఒక్క మెలిక. ఇంతదానికా అంత మాటన్నాను అని ఏడుపొచ్చింది. తన వంతు వాయించి, రికార్డర్లు రావలసిన చోట కమాను ఎత్తాడు. ఎవరూ ఊదకుండానే రికార్డర్‌లోంచి గాలి వీచి కర్టెన్ కదిలింది. లూర్దుమేరి ఊపిరి ఆ గొట్టంలో ఇంకా మిగిలే ఉంది.

జాహిదా మళ్ళీ బకెట్‌తో రాసాగింది. కానీ శుక్రవారం శుక్రవారానికీ గాలి తరిగిపోయింది. దుప్పట్లు పోయి చొక్కాలు, చొక్కాలు పోయి రుమాళ్ళు.

“ఇగ రుమాలు గూడ ఆరుతలేదు భాయ్. అక్కను పిలువరాదూ?”

“ఏ మొహం పెట్టుకుని పిలవనమ్మా? నేనే వెళ్ళాలి.”

ఆ రోజు ప్రేమయ్య చివరి వరస వాయించలేదు. మిగిలిన ఆ కాస్త ఊపిరీ ఆమెకే అప్పగించాలనుకున్నాడు. తనను పనిలో పెట్టుకున్న కఫీల్ దగ్గరికెళ్ళి, ఖలాస్, ఇక పని మానేస్తున్నానని చెప్పి, టికెట్ తీసుకున్నాడు.

వయొలిన్‌ని విమానం ఎక్కించేముందు తీగలు వదులు చెయ్యాలి, లేకపోతే తెగుతాయి. ఆ సంగతి అతనికి తెలుసు. ఆమె తలుపు తీస్తుందో లేదో మాత్రం తెలియదు. తెగితే తెగనీ, ఆమె శ్రుతితోనే ఆమె గుమ్మం ఎక్కుతాను అనుకుని, బిరడలు ముట్టుకోకుండా, రికార్డర్‌ని వయొలిన్ పక్కనే ఉంచి పెట్టె మూసేశాడు.