మేలుకున్న వరసలో పేర్లు

మా చెల్లెలు పళ్ళ గిడ్డంగిలో పనిచేసేది. అక్కడి గదులకు కిటికీలుండవు. పళ్ళు నెలల తరబడి మగ్గకుండా ఉండాలని గది మూసి, లోపలి గాలిలోంచి ప్రాణవాయువును దాదాపుగా తీసేస్తారు. మనిషి వెళ్ళాలంటే ముందు మంచి గాలి నింపాలి. గాలి సరిపోయిందో లేదో ఆఫీసులోని కంప్యూటరు తెర చెబుతుంది. అంకె ఆకుపచ్చగా ఉంటే వెళ్ళవచ్చు, ఎర్రగా ఉంటే కూడదు. ఆ చెడ్డ గాలికి వాసన లేదు, మంట లేదు. అనుమానం వచ్చేలోపే కాళ్ళు చచ్చుబడతాయి.

ఆమె మూడో గదిలోకి వెళ్ళింది. తిరిగి రాలేదు.

"తెర చూసుకోకుండా వెళ్ళింది" అన్నాడు మేనేజరు. విచారణాధికారి కూడా మొదట అదే రాసుకున్నాడు. ఆ మాట ఎవరి నోటినుంచో మా ఇంటికీ చేరింది. మేనకోడలు ఏడో తరగతి. తండ్రిని ఎరగదు. ఒకరోజు అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, "రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూడమని నా ప్రాణం తోడేసేది. తను చూసుకోలేదా మావయ్యా?" అంది. ఆ తర్వాత అది తల్లి మాట ఎత్తడం మానేసింది.

విచారణ ముందురోజు ప్రోగ్రామరు మా ఇంటికి వచ్చింది. గిడ్డంగిలో కంప్యూటర్లు చూసేది ఆమే. చెల్లెలికి ప్రాణస్నేహితురాలు. మేనకోడలు ఆమెను పిన్ని అంటుంది. వంటింట్లో నిలబడే చెప్పింది.

"అది చూసే వెళ్ళింది అన్నయ్యా. తెరే తప్పు చూపించింది. తప్పు నాది."

నాకు అర్థమయ్యేదాకా చెప్పింది. ఒక్కో గది గాలిని కొలిచే మీటరు నుంచి ఒక్కో తీగ వచ్చి కంప్యూటరు వెనక ఒక్కో సీరియల్ పోర్టులో దిగుతుంది. ఆ పోర్టుతో మాట్లాడేందుకు డ్రైవరు అనే చిన్న ప్రోగ్రాము ఉంటుంది. మొదట్లో గదికో డ్రైవరు ఉండేది. పోర్టు ఏ వరసలో ఎన్నోదో చెప్పే బారెడు పేరు దానికి ఉండేది. సిస్టం మార్చినప్పుడు ఆమె అన్నిటినీ సర్ది ఒకే డ్రైవరు కింద చేర్చింది. పేర్లు పెట్టే పని సిస్టానికి వదిలేసింది. కరెంటు వచ్చాక ఏ మీటరు ముందు పలికితే దానికి ముందు అంకె.

"బడిలో పొద్దున ఎవరు ముందొస్తే వాళ్ళని ఒకటో నంబరు అన్నట్టు" అన్నాను, బడిపంతుల్ని కదా.

"అంతే. ఏళ్ళ తరబడి పిల్లలు ఒకే వరసలో వచ్చారు. ఆ రోజు రాలేదు."

ఆ రోజు కరెంటు పోయి వచ్చింది. నాలుగో గది మీటరు మూడోదానికంటే ముందు లేచింది. పొద్దుటి షిఫ్టువాళ్ళు మంచి గాలి నింపింది నాలుగో గదిలో. దాని ఆకుపచ్చ అంకె తెర మీద మూడో గది పక్కన కనిపించింది. చెల్లెలు అది చూసి మూడో తలుపు తీసింది.

"ఇంకోటి," అంది ఆమె. "ఆ పొడుగు పేర్లు తీసెయ్యమని పోరు పెట్టింది కూడా అదే. 'ఏంటే ఈ రైలుపెట్టెలు, చదివేలోపు పళ్ళు కుళ్ళిపోతాయి, ఒకటీ రెండూ అని పెట్టి చావు' అంది. ఇద్దరం నవ్వుకున్నాం. రేపు ఆ సంగతి మాత్రం చెప్పను. అది అడిగిందే అనుకో, తెలిసినదాన్ని నేను కదా."

"ఉద్యోగం?"

"పోతుంది. పోనీ."

మర్నాడు ఆఫీసు బల్లమీద మీటర్లు పెట్టి ఆమె వాటినీ కంప్యూటరునూ ఆర్పి వెలిగించింది. అన్నీ సరైన పేర్లతోనే లేచాయి. మళ్ళీ చేసినా అంతే.

"ఇంకెన్నిసార్లమ్మా? ఇదేమన్నా పొయ్యా ఆర్పి రాజెయ్యడానికి?" అన్నాడు మేనేజరు. "సార్, ఈమె చేత స్నేహం మాట్లాడిస్తోంది."

"ఇక్కడ వెచ్చగా ఉంది సార్" అంది ఆమె అధికారితో. "మూడోది పాత మీటరు. ఈ మధ్య చలిలో ఆలస్యంగా లేస్తోంది. వాటి చోట వాటిని పెట్టి చూడండి."

మీటర్లను మళ్ళీ చల్లటి నడవలో వాటి తలుపుల పక్కనే తగిలించి, బాగా చల్లబడనిచ్చారు. నన్ను తెర దగ్గర కూర్చోమన్నారు. ఆమె మళ్ళీ అన్నిటినీ ఆర్పి వెలిగించింది. మనం వదిలే ఊపిరిలో ప్రాణవాయువు కొంత తక్కువ. అందుకని అధికారి నడవలోకి వెళ్ళి కేకేశాడు.

"మూడో మీటరు మీద ఊదుతున్నాను మాస్టారూ! ఏ గది అంకె తగ్గుతోంది?"

మూడో గది పక్కనున్న అంకె కదల్లేదు. దాని కిందిది మెల్లగా దిగి ఎర్రబడింది.

"నాలుగు" అన్నాను.

"వినపడలేదు. గట్టిగా!"

"నాలుగో గది సార్."

అధికారి వచ్చి పాత వాక్యం కొట్టేశాడు. పోర్టులకు పేర్లు పెట్టడంలో లోపం, బాధ్యత ప్రోగ్రామరుది అని రాశాడు. మేనేజరుకు ఇదైనా సమ్మతమే. రెంటిలోనూ అతని పేరు లేదు.

ఆమె నాతోపాటే ఇంటిదాకా వచ్చింది కానీ గేటు దాటలేదు. మేనకోడలు వాకిట్లో మెట్టు మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను.

"అమ్మ తెర చూసిందమ్మా. చూసే వెళ్ళింది."

అది నా చొక్కా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. చాలాసేపటికి తేరుకుని అడిగింది.

"మరి తెర ఎందుకలా చూపించింది?"

"గదుల పేర్లు తారుమారయ్యాయి."

"ఆ పేర్లు పెట్టిందెవరు మావయ్యా?"

చిన్న పేర్లు కావాలన్నది మీ అమ్మే అని చెప్పవచ్చు. అదీ నిజమే. ఆ మాట చెబితే పిల్లకు పిన్ని మిగిలేదేమో. కానీ తప్పు మళ్ళీ తల్లి మీదికి పోయేది.

"పిన్ని" అన్నాను.

అది గేటు వైపు చూసింది. ఆమె కూడా ఇటే చూస్తోంది. మా మాటలు వినపడేంత దూరంలోనే ఉంది. మేనకోడలు లేచి, నేను లోపలికి వచ్చేదాకా ఆగి, వీధి తలుపు మూసింది. నేను తీయలేదు.