నూట ఇరవై రెండు కిలోలు

తైచుంగ్ కొండల కింద లాయ్ నడిపే సైకిల్ దుకాణంలో, ఎంత బరువు మనిషికి షాక్ అబ్జార్బర్‌లో ఎంత గాలి నింపాలో చెప్పే గోడ మీది పట్టిక నూట పది కిలోల దగ్గర ముగుస్తుంది. బావోజెన్ బరువు నూట ఇరవై రెండు. పోయిన వారం ఆమె సైకిల్ వెనక షాక్ ప్రతి రాతి మీదా చివరంటా కుంగి టకటక కొట్టుకుంది. అందుకే ఆదివారం తన సైకిల్ క్లబ్బువాళ్ళతో ఆమెను కొండ వాలు దిగనివ్వాలా వద్దా అన్నది లాయ్ తేల్చాలి.

"సైకిల్‌కేం, బాగానే ఉంది. నువ్వే పన్నెండు కిలోలు తగ్గి రా అక్కా."

"నాకూ ఏం కాలేదు. గాలి రెండువందల యాభై పీఎస్‌ఐ దగ్గర ఎందుకు ఆపావు?"

"పట్టికలో అంతే ఉంది."

"షాక్ మీద ఏముందో చదువు తమ్ముడూ."

గరిష్ఠం మూడువందల యాభై అని దాని మీదే చెక్కి ఉంది. లాయ్ ఆ అంకెను ఎన్నోసార్లు తుడిచాడు గాని ఎన్నడూ చదవలేదు.

ఆమె హెల్మెట్, నీళ్ళ సంచితో సహా సైకిల్ ఎక్కి కూర్చుని దిగింది. షాక్ ఎంత కుంగిందో చూపే రబ్బరు ఉంగరం ఇరవై ఏడు మిల్లీమీటర్లు జరిగింది, జరగవలసింది పద్దెనిమిది. లాయ్ కొంచెం కొంచెంగా గాలి ఎక్కిస్తూ మళ్ళీ మళ్ళీ కొలిచాడు. మూడువందల పది దగ్గర లెక్క కుదిరింది. అంత గాలి మనిషిని ఎగరేస్తుంది కనుక, షాక్ నెమ్మదిగా పైకి లేచేలా మరను రెండు మెట్లు బిగించాడు.

బావోజెన్ దుకాణం వెనక మెట్ల మీదుగా సైకిల్‌ను దూకించింది. ఎక్కడా టక్కుమనలేదు.

"సరే, రా. కానీ అందరి వెనకాల దిగు."

"ముందే దిగుతాను. నన్ను దాటాలనుకునేవాళ్ళని బ్రేకులు వదలమను."