రెక్క కింది గొట్టం

ఓడెల్ సంచిలో రెండు జతల మేజోళ్లు పెట్టాను, తీసేశాను, మళ్లీ మూడు జతలు పెట్టాను. వెళ్లేది రెండు రోజులకే. అయినా వాన పడొచ్చు, బండి దారిలో ఆగిపోవచ్చు. ఆరు గుడ్డు సాండ్‌విచ్‌లు మైనపు కాగితంలో చుట్టి పైన సర్దాను. కడుపునొప్పి మాత్రలు పక్క జేబులో పెట్టాను. మా నాన్న కట్టెలు కొట్టే పనికి ఉత్తరాన అడవులకు వెళ్లినప్పుడు ఆయన సంచి ఎవరూ సర్దలేదు. ఒంటి మీద కోటుతో వెళ్లాడు, ఒక ఉత్తరం రాశాడు, అంతే. అప్పటినుంచి మా ఇంట్లో ఎవరు బయలుదేరినా సంచి నేనే సర్దుతున్నాను.

"అక్కా, నేను సంతకి వెళ్తున్నానా, యుద్ధానికా?" అన్నాడు ఓడెల్ సంచి ఎత్తి చూసి.

"ఇంకో దుప్పటి కూడా పెట్టవే ఆర్డిస్," అని గుమ్మంలోంచి నా భర్త వెర్లిన్ అందుకున్నాడు. "పాలసీసా మర్చిపోకు. మా బామ్మర్దికి ఇంకా యాభై రెండేళ్లేగా."

బయట పికప్ బండిలో కూర్చున్న వెర్లిన్ స్నేహితుడు మెర్విన్ హారన్ కొట్టాడు. ఓడెల్ నవ్వుతూనే ఆ సంచి తీసుకున్నాడు. కానీ మేజోళ్లలో రెండు జతలు తీసి కుర్చీ మీద పడేసి వెళ్లాడు.

వాళ్లు ముగ్గురూ వెళ్లింది పాత విమాన సామాను అమ్మే సంతకి, రెండు గొట్టాల కోసం. నాలుగేళ్లుగా మా షెడ్డులో ఓడెల్ ఒక బుల్లి విమానం కట్టుకుంటున్నాడు. చక్రాలు తోపుడు బండివి. ఇంజను మంచు మీద నడిపే పాత బండిలోంచి ఊడదీసింది. కూర్చునే సీటు పడవది. రెక్కల గుడ్డ నేనే కుట్టాను, కుట్టుమిషను మీద, ప్రతి కుట్టూ రెండుసార్లు. ఇలాంటివన్నీ ఎక్కడ దొరికితే అక్కడ ఏరుకోవచ్చు. కానీ రెక్కని కిందనుంచి పట్టి ఉంచే గొట్టాలు మాత్రం విమానాల కోసం చేసిన అల్యూమినియంవే కావాలి. కొత్తవి తెప్పిస్తే వచ్చేసరికి శీతాకాలం అవుతుంది. ఓడెల్ ఆగలేడు.

ఎందుకు ఆగలేడో నాకు తెలుసు. మా జిల్లాలో ఇలాంటి విమానాలున్నవాళ్లు ఆరుగురు, వెర్లిన్, మెర్విన్‌లతో కలిపి. అందరూ మా పచ్చిక బయలునుంచే ఎగురుతారు. ఏటా ఆగస్టులో ఒక శనివారం పొద్దున వరసగా లేచి, నలభై మైళ్ల దూరంలో చెరువొడ్డున అట్లు తిని వస్తారు. నాలుగేళ్లూ ఓడెల్ కింద రోడ్డు మీద పికప్ బండి నడుపుతూ, పెట్రోలు డబ్బాలూ పానాలూ మోసుకుంటూ వాళ్ల వెనకే వెళ్లాడు. వాళ్లు అతన్ని 'నేల పైలట్' అనేవాళ్లు. ధాన్యం గిడ్డంగిలో పనివాళ్లు కూడా అదే పేరు పట్టుకున్నారు. ఈ ఏడు పైనుంచి వెళ్తానని అతను అందరికీ చెప్పేశాడు.

ఓడెల్ నాకంటే తొమ్మిదేళ్లు చిన్న. అమ్మ పోయేనాటికి అతనికి ఏడేళ్లు. పెళ్లి చేసుకోలేదు, మా ఇంట్లోనే పైగదిలో ఉండేవాడు.

రెండో రోజు సాయంత్రం ముగ్గురూ నవ్వుకుంటూ దిగారు. గొట్టాలు దొరికాయి. కాఫీ పోశాను. అవి ఎలా దొరికాయో మెర్విన్ చెప్పాడు.

"ఒకావిడ, జెనివీవ్ అట, నేలమీద పట్టా పరిచి మొగుడి సామానంతా పెట్టుకుని కూర్చుంది. వాడు జనవరిలో విమానం కూలి చచ్చిపోయాడు. అడిగినవాణ్ణల్లా ఒకటే ప్రశ్న, 'దీన్ని ఎగరడానికి వాడతారా?' అని. అవునన్నవాడికి ఇవ్వదు. మంచి సామాను, అంతా అలాగే పడుంది!"

"మరి మీకెలా ఇచ్చింది?" అన్నాను.

"టొమాటో మొక్కలకి ఊతకర్రలమ్మా అన్నాను." మెర్విన్ బల్ల మీద చరిచాడు. "ఏడుస్తూ నా చెయ్యి పట్టుకుంది. మీ ఇంట్లో టొమాటోలు బాగా కాయాలి నాయనా అంది!"

వెర్లిన్‌కి కాఫీ పొలమారింది. ఓడెల్ కూడా నవ్వాడు. అది నేను చూశాను.

గొట్టం తిన్నగా ఉందో లేదో చూడాలంటే చదునైన బల్ల మీద దొర్లిస్తారు. మా వంటింటి బల్ల అందుకు బాగా పనికొస్తుంది. కప్పులు తీసేసి వెర్లిన్ మొదటి గొట్టం దొర్లించాడు. బాగానే ఉంది. రెండోది దొర్లుతుంటే దాని కింద సన్నటి వెలుతురు కనిపించి మాయమైంది. మళ్లీ కనిపించింది. వెర్లిన్ అరచేత్తో దాన్ని ఆపేశాడు.

"ఇది వంగింది," అన్నాను.

"బల్ల వంగింది," అన్నాడు వెర్లిన్.

"మొదటిది ఇదే బల్ల మీద దొర్లింది కదా! ఎవరో దీన్ని వంగాక తిన్నగా చేశారు. కోసెయ్యాలి."

నేను ఏడో తరగతితో బడి మానేశాను. తర్వాత చదివిందంతా సంచార గ్రంథాలయపు బండి తెచ్చిన పుస్తకాల్లోంచే. ఈ మగవాళ్లు తెప్పించుకునే విమానాల పత్రిక కూడా మొదటినుంచి చివరిదాకా నేనే చదివేదాన్ని. వాళ్లు బొమ్మలూ అమ్మకం ప్రకటనలూ చూసేవాళ్లు. వంగిన గొట్టాన్ని మళ్లీ తిన్నగా చేసినా దాని సత్తువ పోయినట్టేనని అందులోనే చదివాను. మా వాళ్లలో దానికో కట్టుబాటు కూడా ఉంది. గొట్టం వంగితే పొద్దుగూకేలోపు సొంతదారే దాన్ని రంపంతో రెండుగా కోసెయ్యాలి. లేకపోతే అది మూలన పడి ఉండి, ఎప్పుడో ఒకరికి ఆశ పుట్టిస్తుంది. వెర్లిన్ అయితే ఇతరుల షెడ్లలోకి వెళ్లి మరీ కోయించేవాడు.

"కట్టుబాటు నాకు చెప్తున్నావా? వంగినదైతే కోస్తాం," అన్నాడు. "మెర్విన్, విన్నావా? ఈవిడ లెక్కన మా ట్రాక్టరు పన్నెండేళ్ల నుంచి పల్టీ కొడుతూనే ఉంది. చెరువు మీద మంచు ప్రతి ఏడూ పగులుతూనే ఉంది. మొన్న మబ్బు పడితే సుడిగాలి వస్తుందని కోళ్లతో సహా నేలమాళిగలోకి దిగింది."

"కోళ్లు కూడా ఒప్పుకున్నాయా?" అన్నాడు మెర్విన్.

"ఓడెల్, నువ్వు చూడు," అన్నాను. "నువ్వే దొర్లించి చూడు."

ఓడెల్ చూడలేదు. మెడ వరకూ ఎర్రబడ్డాడు. "ఊరుకో అక్కా. వాళ్లకి తెలియదా?"

మర్నాడు పొద్దున వెర్లిన్ దాణా మిల్లుకి వెళ్లాక షెడ్డులోకి వెళ్లాను. రెండు గొట్టాలూ పనిబల్ల మీద ఉన్నాయి. దొర్లించి వంకరది పట్టుకున్నాను, కొస దగ్గర వైస్‌లో బిగించాను, ఇనప రంపం తీసుకున్నాను. మధ్యకి కోయాలి, కానీ అంత పొడుగు గొట్టాన్ని ఊగకుండా మధ్యలో పట్టుకునే బలం నా చేతులకి లేదు. కొసనుంచి జానెడు దూరంలో రంపం ఆనించాను. నాలుగు సార్లు లాగాను. అల్యూమినియం పొడి నా ముంజేతి మీద పడింది.

"ఇంకా లాగు," అన్నాడు ఓడెల్.

తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. పరిగెత్తుకు రాలేదు, చెయ్యి పట్టుకోలేదు. అలా చేసి ఉంటే నేను కోసేసేదాన్నే.

"లాగు. ఎల్నోరా విషయంలో కూడా ఇలాగే కోశావుగా."

ఎల్నోరా పక్క ఊరి అమ్మాయి. ముప్పై ఏళ్ల కిందట ఓడెల్ ఆమెని చేసుకుని ఫార్గో పట్నం వెళ్లిపోదామనుకున్నాడు. ఆ వారం నాకు జబ్బు చేసింది, అతను వెళ్లలేదు. నాకు నిజంగానే ఊపిరాడలేదు. ఆ మాట నేను చాలాసార్లు చెప్పాను.

"నువ్వు పడిపోతావురా," అన్నాను.

"పడతాను. అయితే?" అన్నాడు. "నువ్వు నన్ను పెంచానని అందరికీ చెప్పుకుంటావు. పెంచలేదక్కా. ఊరగాయ సీసాలా మూత బిగించి పెట్టుకున్నావు. యాభై రెండేళ్లు వచ్చాయి. నాది అని చెప్పుకోవడానికి నాకున్నది ఇదొక్కటే. కోసెయ్యి. కోసేసి వచ్చి నాకు భోజనం పెట్టు, నీకు అదేగా కావాలి."

నేను రంపం కింద పెట్టాను.

మధ్యాహ్నం వెర్లిన్ వచ్చి ఆ గీత చూసి చాలాసేపు నవ్వాడు. వేలిగోరుతో దాన్ని తడిమి చూశాడు. నవ్వు ఆగింది. నా వైపు ఒకసారి చూసి, మళ్లీ నవ్వాడు. ఆకురాయి తీసుకుని గీత అంచులు రాశాడు, ఎమరీ కాగితంతో నున్నగా రుద్దాడు.

"పాడు చేశానా?" అని అడిగాను.

"నువ్వా? వెన్న కూడా కోయలేవు నువ్వు."

"నిజంగా ఏమీ కాదా?"

"గీతే. గీతకేమవుతుంది?"

ఓడెల్ కూడా అతని మొహంలోకి చూశాడు. వెర్లిన్ తల ఊపాడు. సాయంత్రానికి రెండు గొట్టాలకీ పసుపు రంగు పడింది. ఏది ఏదో నాకు కూడా తెలియలేదు. తమ్ముడి సొత్తు నాశనం చేయబోయానన్న సిగ్గుతో ఆ సాయంత్రం పుల్లటి రేవల్చిన్ని కాడలతో తీపి రొట్టె చేశాను. ఓడెల్ తినలేదు.

మూడు వారాలు అతను ఎగిరాడు. మొదటి రోజు నేను షెడ్డు వెనక నిలబడి కళ్లు మూసుకున్నాను. ఇంజను చప్పుడు మొక్కజొన్న చేల మీదుగా వెళ్లి తిరిగి వచ్చింది. పదో రోజుకి కళ్లు తెరిచి చూస్తున్నాను. పసుపు రెక్కలతో అతను మా ఇంటి కప్పు మీదనుంచి తక్కువ ఎత్తులో వెళ్లేవాడు. ఒకసారి నేను బట్టలు ఆరేస్తుంటే చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. నా చేతిలో వెర్లిన్ చొక్కా ఉంది.

మెర్విన్ ఎదురైనప్పుడల్లా, "ఏం ఆర్డిస్, నీ వంకర గొట్టం ఈ రోజు కూడా వంకరగానే ఎగిరిందా?" అనేవాడు.

ప్రయాణానికి ముందురోజు వంటింట్లో ఓడెల్‌ని ఆపి, "నాదే తప్పు," అన్నాను. "నా భయంతో నీ మీద పడ్డాను. క్షమించు."

అతను కప్పు కడిగి బోర్లించి, చేతులు తుడుచుకున్నాడు. "సరేలే. ఇక నా వస్తువుల మీద చెయ్యి వేయకు, చాలు." అంటూనే మెట్లెక్కి పైకి వెళ్లిపోయాడు. 

శనివారం పొద్దున గాలి లేదు. ఏడు విమానాలు వరసగా నిలబడ్డాయి. నేల మీద బండి నడపడానికి ఈసారి మెర్విన్ అల్లుణ్ణి పట్టుకొచ్చారు. అతన్ని అప్పుడే 'నేల పైలట్' అంటున్నారు. ఆ అల్లుణ్ణి మొదట అలా పిలిచింది ఓడెలే. చలి కోటు గుండీలు పెట్టుకుంటూ గట్టిగా నవ్వాడు. అతను అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు. వరసలో అతనిది అయిదో విమానం. పచ్చిక మీద గెంతుతూ వెళ్లి లేచింది.

చెరువుకి ఎనిమిది మైళ్ల ఇవతల, సోయా చేను మీద, ఎడమ రెక్క పైకి ముడుచుకుంది. వెనక వస్తున్న మెర్విన్ చూశాడు. ఎత్తు మూడు వందల అడుగులే అన్నాడు.

మర్నాడు చర్చి నుంచి ఆడవాళ్లు కూర గిన్నెలు తెచ్చి పెట్టి వెళ్లాక, వెర్లిన్ షెడ్డులోంచి పసుపు గొట్టపు ముక్కలు రెండు తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. పొడుగు ముక్కని దొర్లించాడు. దాని కింద సన్నటి వెలుతురు కనిపించి మాయమైంది.

"వంపు దగ్గర విరగలేదు," అన్నాడు. "చూడు. వంపు అలాగే ఉంది. అది తట్టుకుని నిలిచేదే. విరిగింది ఇక్కడ."

కొసనుంచి జానెడు దూరం. విరిగిన అంచులో కొంత భాగం మసకబారి ఉంది, కొంత మెరుస్తోంది. మసక భాగంలో పగులు కొన్నాళ్లుగా పాకుతోందని అన్నాడు. ఇంజను అదురుకి గీతలోంచి రోజుకి కొంచెం.

"గీతకేమవుతుంది అన్నావు."

"రంపం గాటు పడ్డ గొట్టం వాడకూడదు. అది అందరికీ తెలుసు. వంపు కంటే అదే చెడ్డది."

"ఓడెల్‌కి తెలుసా?"

"వాడు నన్ను నమ్మాడు. నున్నగా రుద్దితే నిలుస్తుందనే అనుకున్నాను."

"అనుకున్నావా? మరి ఒక్క మాట చెప్పొచ్చు కదా వెర్లిన్! ఆ రోజే చెప్పి ఉంటే—"

"చెప్తే వాడు దాన్ని పక్కన పడేసేవాడు. బండిలో కూర్చునేవాడు. ఇంక జీవితాంతం నీ మాటే గెలిచిందనేదానివి," అన్నాడు. ముక్కని నా వైపు తోసి, "కోసినది నువ్వు," అన్నాడు.

బయట పికప్ బండి ఆగిన చప్పుడైంది. మెర్విన్ టోపీ చేత్తో పట్టుకుని లోపలికి వచ్చి, నాకు సానుభూతి చెప్పి, ఇంజనుకి ఏమీ కాలేదట కదా, దాన్ని ఏం చేద్దామనుకుంటున్నారని వెర్లిన్‌ని అడిగాడు. ఇద్దరూ షెడ్డుకి వెళ్లారు. నేను బల్ల తుడిచాను.

వెర్లిన్ ఇంకా పదకొండేళ్లు బతికాడు. మేము ఆ విషయం మళ్లీ మాట్లాడుకోలేదు. పత్రిక ఇప్పటికీ వస్తుంది, నేను చదువుతాను.

నా తమ్ముడు ఓడెల్ 1986 ఆగస్టు 16, శనివారం, ఉదయం ఏడుంపావుకి మా పచ్చిక బయలు నుంచి లేచాడు. తిరిగి రాలేదు.